లచ్చన్న మోసిన సంచి

ఒమన్‌కు వచ్చిన నాటి నుంచి లచ్చన్న చేసింది మోతే. రైసూత్ ఓడరేవులో బస్తాలు, నిజ్వా సైట్లలో ఇటుకలు, ఇప్పుడు మస్కట్‌లోని ఘాలా గోదాములో డబ్బాలు. జగిత్యాల పక్క పల్లెలో పుట్టిన ఆ మనిషి భుజాన్ని మూడు ఊళ్లూ వాడుకున్నాయి. పేరు మాత్రం ఏ ఊరూ సరిగా పలకలేదు.

అతని కంపెనీ యజమానికి మస్కట్‌లో పెద్ద పెద్ద స్నేహాలు. ఆ స్నేహితుల గుంపు ఒకటి వచ్చే వేసవిలో హిమాలయాలు ఎక్కబోతోంది. అంతకుముందే కాళ్లు గట్టిపడాలని జబల్ అఖ్దర్ కొండల్లో రోజుల తరబడి నడక పెట్టుకుంది. సామాను మొయ్యడానికి లచ్చన్ననూ, అతని రూమ్‌లోనే ఉండే భూమేశ్‌నూ పంపారు. డ్యూటీ అన్నారు. కొండ ఎక్కడం గోదాము డ్యూటీ ఎప్పుడైందని వాళ్లు అడగలేదు. అడిగితే వినేవాడెవడు?

రెండో రోజే రఘుపతి సారు మోకాలు పట్టేసింది. ఆ గుంపులోనే ఒకడు, హైదరాబాదు మనిషి, మస్కట్‌లో మేనేజరు. “లచ్చన్నా, ఇది కూడా జర పట్టు” అంటూ తన వీపుసంచి అందించాడు. ఎత్తగానే లచ్చన్న నడుము కలుక్కుమంది. లోపల తువ్వాళ్లలో చుట్టిన సీసాలు గుడగుడమన్నాయి.

“ఏందే బావా, సారు దుకాణం పెట్టిండా?” భూమేశ్ కన్ను గీటాడు.

“నోర్ముయ్. మందు సీసలైతయ్. మనం సూడలే, మనకు తెల్వది.”

రైసూత్‌లో ఒకసారి పర్మిట్ లేని మందుతో ఇలాంటి సంచే పట్టుబడింది. పోలీసులు తీసుకెళ్లింది సంచి సొంతదారును కాదు, మోసినవాణ్ణి. వారం తిరక్కుండా వాణ్ణి ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి లచ్చన్న పరాయి సంచి జిప్పు మీద వేలు కూడా పెట్టడు.

ఆఖరి రోజు పొద్దున దారి చూపే ఫహద్ ముఖం వాడిపోయింది. అతను నమ్ముకున్న నీళ్లతొట్టి వానల్లేక ఎండిపోయింది. “పానీ ఖలాస్. ఎవరి దగ్గరేమున్నా చెప్పండి” అన్నాడు. రఘుపతి తన చేతిలోని సీసా ఎత్తి చూపించాడు. ఉన్న నీళ్లు సార్లకూ మేడమ్‌లకూ తలా ఒక సీసా వచ్చాయి. మోసేవాళ్లిద్దరికీ కలిపి ఒకటి. ఈ ఒక్క కొండ దాటితే అవతల బండి ఉంది, బండిలో నీళ్లున్నాయి అన్నారు.

సగం ఎక్కేసరికి భూమేశ్ పిక్కలు కొంకర్లు పోయాయి. వాంతి చేసుకున్నాడు. ఒంటిమీద చెమట ఆగిపోయింది.

“కండ్లు తిరుగుతున్నయే బావా. నువ్వు నడువు.”

“పండుకో. ఫహద్‌ను తోలుకొస్త.”

అతణ్ణి బండనీడకు చేర్చాడు లచ్చన్న. సంచి అక్కడే దించి పరుగెత్తాలనుకున్నాడు. మళ్లీ ఆగాడు. సోయి లేని మనిషి పక్కన మందు దొరికితే? కేసు భూమేశ్ మెడకే. సంచిని వీపు మీదికి లాక్కుని, దాన్ని భూమేశ్‌కు వీలైనంత దూరంగా తీసుకుపోయాడు.

శిఖరం మీద ఫొటోలు నడుస్తున్నాయి. ఫహద్ బండి కోసం అప్పటికే దిగిపోయాడు. లచ్చన్న ఊపిరి అందక మోకాళ్ల మీద కూలబడ్డాడు. అతను నోరు తెరిచేలోపే రఘుపతి సంచి అందుకుని జిప్పు లాగి, సీసా మూత తిప్పి బండ మీద వంచాడు. మరొకటి. ఇంకొకటి. కాలిన రాయి సుయ్యిమని పీల్చుకుంది.

మందు వాసన రాలేదు. ఏ వాసనా రాలేదు.

“అ... అవేంది సారూ?”

“నీళ్లే లచ్చన్నా, నల్లా నీళ్లు. బరువుకని పెట్టిన. హిమాలయాలకు పోయేటోళ్లు ఇట్లనే ప్రాక్టీసు చేస్తరు. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడొద్దని పైన్నే పారబోస్తరు.”

ఇన్ని రోజులు లచ్చన్న వీపు మీద ఉన్నది నీళ్లు. భూమేశ్ తల పెట్టుకున్న బండ పక్కనుంచి తను మోసుకొచ్చినదీ నీళ్లే.

“కింద భూమేశ్ పడిపోయిండు సారూ. నాలుక పిడచగట్టి పడున్నడు.”

రఘుపతి చేతిలో సీసా ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. “అడిగితే ఇయ్యకపోదునా? ఒట్టు, అవి తాగేటియన్న సోయే లేదు నాకు. బరువనే అనుకున్న.”

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంత భయం వెయ్యదు.

మిగిలిన సీసాలు గుంజుకుని లచ్చన్న రాళ్ల మీద జారుతూ దిగాడు. భూమేశ్ పెదవులు తడిపాడు, తల తడిపాడు, గుక్క గుక్కగా తాగించాడు. చాలాసేపటికి కళ్లు తెరుచుకున్నాయి.

“యాడియే బావా?”

“నా ఈపు మీదియే.”

భూమేశ్ సీసాను చూశాడు. లచ్చన్నను చూశాడు. “మందంటివి గదనే” అన్నాడు గొణుగుతూ.

లచ్చన్న వంగి అతణ్ణి వీపు మీదికి ఎత్తుకున్నాడు. కొండ కొసకు చేరేసరికి రఘుపతి ఎదురొచ్చాడు. చెయ్యి అందించబోయాడు. ఆ చేతిలో ఆ సంచే వేలాడుతోంది. అలవాటుగా అదే ముందుకొచ్చింది.

“లచ్చన్నా, సంచి...”

“మీదే గద సారూ” అన్నాడు లచ్చన్న ఆగకుండా. “ఖాళీగనే ఉన్నది, మొయ్యిండ్రి.”