బొట్టు పెట్టిన నల్లగీతల బొమ్మ

నా చిన్నప్పుడు సుల్తానాబాదులో, మా తాత కూర్చుని నేసే మగ్గం గుంటకు ఎదురుగోడ మీద, దేవుళ్ల పటాలతో పాటు దేవుడే లేని పటం ఒకటి ఉండేది. గడి దొరలు ఊరు విడిచిపోతూ సామాను అమ్మేసినప్పుడు తాత తెచ్చుకున్నాడు. రంగుల్లేని పాత అచ్చుబొమ్మ. ఏదో పరాయి దేశపు ఏరు, ఒడ్డున చెట్లు, వెనుక గుట్టలు. రాగిరేకు మీద గీసి అలా అచ్చు తీస్తారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. కన్నతల్లిని మేము అవ్వ అనేవాళ్లం. అద్దం కట్టిన పటం ఏదైనా మా అవ్వకు దేవుడే. శుక్రవారం వస్తే అన్నిటితో పాటు దానికీ బొట్టు పెట్టేది. తాత ఎంత నవ్వినా మానలేదు.

ఆ అవ్వ జ్వరం వచ్చి చనిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ముద్ద పెడితే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. పక్కింటి పెద్దమ్మ మైల అని పటాలన్నీ గోడవైపు తిప్పేసి, నా భుజాలు పట్టి కుదిపింది. "పిల్ల ఇంకా ఏడ్వలే. తల్లి మీద పావురం లేదా ఏంది?" అంది. నిజంగానే నాకు అవ్వంటే ప్రేమ లేదేమోనని భయం పట్టుకుంది.

తాత విన్నాడు. లేచి ఆ ఒక్క పటాన్ని ఇటు తిప్పాడు. "గిండ్ల దేవుడు లేడు, దీనికి మైలెందుకు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"జర సూడు బిడ్డా. బాగ నల్లగ ఏడున్నది?"

చెట్ల కింద, అన్నాను. అక్కడ గీతలు నిలువుగా, అడ్డంగా, పడుగూ పేకా లాగా చిక్కగా కలిసి ఉన్నాయి. గుట్టల దగ్గరికి పోయేసరికి పలచబడ్డాయి. అందుకే అవి దూరంగా కనబడుతున్నాయని తాత చూపించాడు. నా వేలు పట్టుకుని ఎడమవైపు బాట మీదుగా, వంగిన చెట్టు పక్క నుంచి, ఏటి దాకా అద్దం మీద నడిపించాడు.

"నీళ్లు ఏడ గీసిండు?"

వెతికాను. ఏట్లో ఒక్క గీత లేదు. చుట్టూ ఒడ్డు గీశాడు కనుక అది ఏరయింది, అంతే.

"గీయలే తాతా. ఉత్తగనే ఇడిసిపెట్టిండు."

"అయినా మొదలు గదే కనవడ్తది గదా. ఉత్తగున్నదంటే ఏం లేనట్టు కాదు. ఏడుపు రాకుంటే రాకపోనియ్యి బిడ్డా."

అవ్వ పెట్టిన బొట్టు ఆ తెల్లని ఏటి మీదే ఉంది. నల్లగీతల మీదైతే కనబడదని కాబోలు. నా వేలు దాని దగ్గర ఆగింది. అప్పుడూ ఏడవలేదు. భయం మాత్రం పోయింది.

అవ్వ కోసం నేను ఏడ్చిన రోజు ఇంతవరకు లేదు. లేదని దిగులూ లేదు. పటం ఇప్పుడు నా దగ్గరే ఉంది. బొట్టు ఎప్పుడో ఎండి రాలిపోయింది. అద్దం తుడుస్తూ తుడుస్తూ ఆ చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. చుట్టూ తుడిచి, దాన్ని అలాగే వదిలేస్తాను.