బొట్టు పెట్టుకున్న కంప్యూటరు

ఆ రోజుల్లో చేతిలో పట్టుకు తిరిగే కంప్యూటరంటే గొప్పవాళ్ళ సొత్తు అనుకునేదాన్ని. అందుకే తిరువళ్ళూరు ఆఫీసులో మా పెద్దసారు అరచేయంత కంప్యూటరొకటి నాకిచ్చి, "ఇంటింటికీ పోయి పిల్లల జ్వరాలు, టీకాలు ఇందులో ఎక్కించు" అన్నప్పుడు నేనూ సగం గొప్పదాన్నైపోయాను. (నిజానికి అది ఎవరో విదేశీ దొర వాడి వదిలేసింది. అందులోని సర్వే సాఫ్ట్‌వేరు కూడా పేద దేశాల ఆరోగ్యం కోసం ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా ఇచ్చిందే.) దొరగారి జ్ఞాపకం ఒకటి మాత్రం అందులోనే ఉండిపోయింది. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి అది కీచుకీచుమని అరిచి, 'పంటి డాక్టరు' అని ఇంగ్లీషులో గుర్తుచేసేది. నేనెంత తంటాలు పడ్డా ఆగలేదు. "బ్యాటరీలు నీరసించినా ఇట్లే అరుస్తుందమ్మా. వెంటనే మార్చాల. పాతవి తీసినాక ఒక్క నిమిషమే టైము. దాటితే లోపలుండేదంతా పోతుంది. అది పోతే నీ ఉద్యోగమూ పోతుంది" అన్నారు సారు. అది నా మొదటి ఉద్యోగం.

నాకు అప్పగించింది తిరుత్తణి దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరే. ఇంటింటా మగ్గమున్న ఊరు. నేను ఒంటరిగా వెళితే ఏదో అమ్మడానికి వచ్చాననుకుని తలుపు వేసేవాళ్ళు. అందుకని అవ్వ రోజూ నా వెంట వచ్చి, ప్రతి ఇంటి అరుగు మీదా ఆకూవక్కా నములుతూ కూర్చునేది. అలా మూడు వారాల్లో నలభై ఇళ్ళు పూర్తిచేశాను. సోమవారం ఆఫీసులో అప్పగించాలి. అంతలో ఆయుధపూజ వచ్చింది.

పొద్దున్నే అవ్వ కొడుకు, మా మామ, మగ్గం తుడిచి గంధం పూశాడు. పోగులు నేసే నాడెకు, కత్తెరకు, సైకిలుకు బొట్లు పెట్టాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి పొరి (అదే, బొరుగులు), సెనగల పళ్ళెం పక్కన నా కంప్యూటరు కూడా కుంకుమ బొట్టుతో కూర్చుని ఉంది.

"అవ్వా! దాన్ని యాడ పెట్టినావు?"

"నీకు కూడు పెట్టేది అదే కదా పాపా! రేపు పొద్దున మళ్ళా పూజ అయ్యేదాకా ఎవురూ ముట్టకూడదు. పనిముట్టుకు ఈ పొద్దు లీవు."

సాయంత్రం అది కీచుమంది. బ్యాటరీలు! నేను చెయ్యి చాచాను, అవ్వ ఆ చేతి మీద ఒకటి వేసింది. మామ, "సుమ్మా ఇరు పాపా, ఊరికే ఉండు, రేపు చూసుకుందాం" అన్నాడు. నలభై ఇళ్ళు పోతాయని, ఉద్యోగం పోతుందని నేను ఏడుపు లంకించుకున్నాను. అవ్వ కొడుకు వైపు తిరిగింది.

"పని చేయించేదే తప్పు. ఆకలేసి అరిస్తే కూడు పెట్టేది తప్పెట్లవుతాది? రేయ్, నువ్వు కాళ్ళు కడుక్కోని వచ్చి పెట్టరా."

మామ కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆపరేషన్ చేసే డాక్టరులా వెనక మూత తీసి పాత బ్యాటరీలు లాగాడు. నేను కొత్తవి అందించాను. వాటిని తీసుకుని వెంటనే లోపల వేయాలా? లేదు! కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా ఎలా? ఒక్కో బ్యాటరీకి గంధం పూశాడు, కుంకుమ అద్దాడు, కర్పూరం వెతికి హారతి కూడా ఇచ్చాడు. "మామా, నిమిషం! నిమిషం!" అని నేను గంతులేస్తుంటే, "పూజలో అవసరపడకూడదు, నిదానంగా చేయాల" అన్నాడు ప్రశాంతంగా.

మరునాడు పూజ అయ్యాక తెరిచి చూస్తే అప్పుడే పుట్టిన బిడ్డలా ఉంది కంప్యూటరు. నలభై ఇళ్ళూ లేవు, సాఫ్ట్‌వేరూ లేదు, దొరగారి పంటి డాక్టరూ లేడు. తల ఎత్తితే గోడ మీద కేలెండరు కనిపించింది. ఇవాళ శుక్రవారం. అంటే నిన్న అది అరిచింది గురువారం, సాయంత్రం నాలుగింటికి! పాత బ్యాటరీలు నిక్షేపంగానే ఉన్నాయి. ఏ దేశంలోనో ఒక దొర పంటికి తిరుత్తణిలో నా ఉద్యోగం ఊడేలా ఉంది.

అవ్వ నోట్లో ఆకు ఓ పక్కకు తోసి, "నోటుబుక్కు తే, రాసుకో" అంది. "మొదటిల్లు. ముగ్గురు పిల్లోళ్ళు. నడిపోడికి పోయిన నెల జరమొచ్చినాది. సూది రొండుతూర్లు ఏసినారు." మధ్యాహ్నానికి నలభై ఇళ్ళూ చెప్పేసింది. (ఏ కోడలు ఏ అత్తతో మాట్లాడటం లేదో కూడా చెప్పింది. దానికి ఫారంలో గడి లేదు.) రెండు రోజులు మళ్ళీ ఇంటింటికీ తిరిగి సరిచూస్తే రెండు చోట్లే తప్పులు. ఆ రెండు చోట్లా ఆ ఇంటివాళ్ళకే గుర్తులేదని అవ్వ వాదించింది. సోమవారం సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నోటుబుక్కు తిరగేసి, "ఊత్తుకోట పక్క ఇంకో సర్వే ఉంది, మీ అవ్వ వస్తుందా?" అన్నారు.

ఇప్పుడు నా ఫోను అన్నీ ఎక్కడో ఆకాశంలో దాచుకుంటుంది. నాకు మాత్రం కన్నకూతురి నంబరు కూడా నోటికి రాదు. అవ్వ లేదు. మొన్న గురువారం సాయంత్రం నాలుగింటికి ఫోను కీచుమంటే తీసి చూశాను. పంటి డాక్టరు. ఈసారి దొరకు కాదు, నాకే. చెంప పట్టుకునే నవ్వుకుని, వెళ్ళే ముందు ఫోనుకు చార్జరు తగిలించాను. ఆకలితో ఉంచితే అవ్వ ఊరుకోదు.