నాలుగు నిమిషాల మాట

పక్క గల్లీలో సాంచాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సిరిసిల్లలో మరమగ్గాల మోత ఆగిందంటే కరెంటు పోయినట్టే. తలెత్తి చూశాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఫోన్‌లో అవతలి మనిషి ఇంకా మాట్లాడుతున్నాడు. పట్టపగలు, రెండున్నర. ఏదో కానిది జరుగుతోందని నా ఒంటికి అప్పుడే తెలిసింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. బీఎస్సీ చదివాను. పిల్లలకు దిష్టి తీస్తానంటే అత్తమ్మతో గొడవ పడేదాన్ని. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. పిల్లలు పడుకున్నాక, సిగ్గుతో రాస్తున్నాను.

ఒక విమాన కంపెనీ తన దగ్గర భద్రత ఎలా ఉందో, పైవాళ్లు బాధ్యత తీసుకుంటున్నారో లేదో కనుక్కోమని హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీకి అప్పగించింది. విమానాశ్రయంలో సామాన్లు మోసే తెలుగువాళ్లకు ఇంటి నుంచే ఫోన్ చేసి, ప్రశ్నలడిగి, ఫారం నింపడం నా పని. ప్రమాదం కనిపిస్తే మేనేజర్‌కు చెప్పగలరా? చెబితే పట్టించుకుంటారా? చివర "ధన్యవాదాలు" అని రికార్డింగ్ ఆపాలి. ఆ తర్వాత అన్న మాట ఫారంలో రాయకూడదని నియమం.

కానీ మా వైపు మనుషులు కూర్చున్నంతసేపు అంతా మంచే అంటారు. లేచి గడప దాటేటప్పుడు అసలు సంగతి చెబుతారు. ఆ నియమంతో మావాళ్ల మాట ఒక్కటీ కాగితమెక్కదని మొదటి వారంలోనే అర్థమైంది. ఏజెన్సీలో ఎవరికీ చెప్పలేదు.

ఆ గురువారం మాట్లాడింది రాజేశంతో. కోరుట్ల అవతల మల్లాపూర్ దగ్గరి మనిషి. విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీలు లాగే చిన్న ట్రాక్టర్ నడుపుతాడు. ఏదడిగినా "అంత మంచిగనే ఉన్నది మేడం" అన్నాడు. ధన్యవాదాలు చెప్పి రికార్డింగ్ ఆపాను. సాంచాలు ఆగింది అప్పుడే.

"బ్రేకు పడ్తలేదని సారుకు మూడుసార్లు చెప్పిన మేడం. ఇంకో రెండు దినాలు గట్లనే నడుపన్నడు. బండి కాలు మీదికెక్కింది. పచ్చ తాడు కట్టిన పెట్టె వచ్చి ఛాతి మీద పడ్డది. గిదన్న రాయి మేడం."

గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బేమో అనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు వీలు. రికార్డింగ్ ఆగాక వచ్చే ఇలాంటి ఫిర్యాదుకు వేరే ఫారం నింపాలి, పైవాళ్లకు జవాబు చెప్పాలి. అవి ఎక్కువగా పంపేవాళ్లకు పని తగ్గిస్తారని విన్నాను. పిల్లల బడి వదిలే వేళ కూడా అవుతోంది. "సరే అన్నా, చూస్తా" అని పెట్టేశాను. మేనేజర్ పట్టించుకుంటారా అన్న చోట "అవును" నొక్కాను.

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. సాయంత్రం గల్లీలో అడిగితే నవ్వారు. "మేమెందుకు ఆపుతం చెల్లె? పొద్దటి నుంచి నడుస్తనే ఉన్నయి" అన్నారు.

పది రోజులకు మా టీమ్ లీడర్ ఫోన్ చేసి మెచ్చుకుంది. నా ఫారం బాగా పనికొచ్చిందట. ఒక డ్రైవర్ ట్రాలీ తగిలిస్తుంటే ట్రాక్టర్ జారి కాలి మీదికెక్కిందట. బండి బాగుందని అతనే చెప్పినట్టు విచారణలో మేనేజర్ నా ఫారం చూపించాడట. తప్పు డ్రైవర్‌దే అని తేల్చబోతున్నారు. అదే తేలితే నౌకరీ లేదు, పరిహారం లేదు.

పేరడిగాను. రాజేశం. ప్రమాదం జరిగింది శనివారం. నేను అతని మాట విన్నది గురువారం.

అతను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడని తెలిశాక కోరుట్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాను. ఎడమ కాలు మడమ పైదాకా తీసేశారు. నన్ను చూసి నవ్వాడు. "రా మేడం. ఇగ నేను ఒక్క జత చెప్పులు కొంటే రెండు జతలు కొన్నట్టే."

అతని భార్య నవ్వలేదు. "అంత మంచిగున్నదని రాసినామె నువ్వేనా?"

"ఆమెనేమంటవే? నేనే గట్ల చెప్పిన. నౌకరి పోతదని భయపడ్డ."

బ్రేకు గురించి చివర్లో నాతో చెప్పారు కదా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "సారుకైతే మూడుసార్లు చెప్పిన. నీకేడ చెప్పిన మేడం? నువ్వు ధన్యవాదాలన్నవ్, నేను పెట్టేసిన."

ఆ రోజు ఏం గుర్తుందని అడిగితే, మీద పడ్డ పెట్టె ఒక్కటే గుర్తుందన్నాడు. దానికి పచ్చ తాడు కట్టి ఉందన్నాడు. తాడు సంగతి నేను అడగలేదు.

ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. అదే రోజు, అదే కాల్. అతని ఫోన్‌లో ఏడు నిమిషాలు. నా ఫోన్‌లో పదకొండు. రికార్డింగ్ ఏడు దగ్గరే ఆగింది. ఆ నాలుగు నిమిషాలు నాతో మాట్లాడిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒకటి మాత్రం తెలుసు. రెండు రోజుల ముందే ఒక మనిషి కాలు గురించి నాకు చెప్పారు. నేను విని "అవును" నొక్కాను. తప్పు తనదే అనుకుంటున్న ఆ మనిషి ముందు కూడా ఈ మాట అనలేక, ఆయన భార్య ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

నిన్న రాత్రి విచారణ చేస్తున్నవాళ్లకు, ఏజెన్సీకి ఉత్తరం పంపాను. బ్రేకు పడడం లేదని, మేనేజర్‌కు మూడుసార్లు చెప్పారని నేను విన్నాననీ, విని కూడా రాయలేదనీ, ఆ ఫారం అబద్ధమనీ రాశాను. ఎప్పుడు, ఎలా విన్నావని అడుగుతారు.

ఈ పొద్దున జడ వేస్తుంటే పిల్లలిద్దరికీ చెప్పాను. అమ్మకు ఇక ఫోన్ పని ఉండకపోవచ్చని, ఒక మామ చెప్పిన మాట అమ్మ విని కూడా రాయలేదని.

"ఎందుకు రాయలేదమ్మా? మా బడికి వచ్చుడు లేటైతదనా?" అంది పెద్దది.

అవునని నోటిదాకా వచ్చింది.

"కాదు బిడ్డా. మీ కోసం కాదు. నాకే భయమైంది" అన్నాను.