బురదలో పడవ

సుందరరాజు పడవకు ఏటా మార్చిలోనే కొత్త రంగు పడుతుంది. అప్పటికి పులికాట్ సరస్సులో అతని ఊరి ఒడ్డున నీళ్లు ఇంకిపోయి బురదే మిగులుతుంది. పక్షులూ వెళ్లిపోతాయి. సరస్సు మీద పరిశోధన చేసే సార్లు తిరుపతి నుంచి దిగేది సరిగ్గా అప్పుడే. ఆ నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే ప్రాజెక్టు నిధులు వెనక్కి పోతాయట. పక్షులు పోతే పోనీ, నిధులు పోకూడదు!

మహానుభావులు ఆ నిధులతోనే రంగు వేయించి, లైఫ్ జాకెట్లు తొడుక్కుని బురదలో కూరుకున్న పడవెక్కుతారు. సుందరరాజు తెడ్డు పట్టుకుని నిలబడతాడు. ఫొటో తీస్తారు. జీవితమంతా నీళ్ల మీద చేపలు పట్టినా రాని గుర్తింపు అతనికి బురదలో నిలబడితే వచ్చింది.

"నీళ్లున్నప్పుడు రాండి సార్, పక్షులుంటాయి," అన్నాడొకసారి.

"అప్పటికి ఫండ్స్ రావు రాజూ," అన్నాడు పెద్దసారు.

పులికాట్‌లో పక్షులు మాయమవుతున్నాయని వాళ్లు రిపోర్టు రాశారు. ఎందుకు మాయమవుతున్నాయో కనిపెట్టడానికి మళ్లీ నిధులొచ్చాయి. ఈ మార్చిలో పెద్దసారు ఆ సంతోషంతో పడవ దగ్గరే మిఠాయి పంచాడు.

సుందరరాజు భార్య అక్కమ్మ చెయ్యి చాపలేదు.

"ఆ దుడ్లేవో పక్షులకే ఇయ్యండి సార్. మీరొచ్చేదాకా ఈడే కాసుకోనుంటాయి," అంది.