మిలిటరీ గడ్డలు తిన్న చలికాలం

మొన్న కరీంనగర్‌లో మా అపార్ట్‌మెంటు మేడమీద బట్టలు ఆరేస్తుంటే, కింది అంతస్తులో కొత్తగా దిగినావిడ నా కుండీల దగ్గర ఆగి, "పొద్దుతిరుగుడు పూలు గింత చిన్నగ పూసినయేంది? నీళ్లు సరిగ పోస్తలేరా?" అని అడిగింది. అవి పొద్దుతిరుగుడు కావనీ, వీటి కింద అల్లంలా గడ్డ ఊరుతుందనీ, చలికాలంలో తవ్వుకుని వండుకుంటామనీ చెప్పాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, "తినొచ్చా మరి? ఏంగాదా?" అంది. చాలా మామూలు ప్రశ్న. కానీ ఆ ప్రశ్న ఒక రోజంతా మా ఇంట్లో ఎంతమంది నోట, ఎన్ని గొంతులతో పలికిందో ఆవిడకు తెలియదు కదా. ఏంగాదని నవ్వుతూ చెప్పి, బకెట్‌లో తడి బట్టలు అట్లాగే ఉండగా వాటర్ ట్యాంకు నీడన కాసేపు కూర్చుండిపోయాను.

అప్పుడు మేం శ్రీరాంపూర్‌లో ఉండేవాళ్లం. మామ బొగ్గు బాయిలో పనిచేసేవాడు. అక్కడ గనిని బాయి అనే అంటారు. రెండు గదుల క్వార్టరు, ముందు ఇంటికంటే పెద్ద జాగా. ఆ జాగా మొత్తం మా అత్త రాజ్యం. బీర పందిరి, చిక్కుడు తీగ, పుంటికూర మడి, మూలకు ఒక బొప్పాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ బాయిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు గజగజలాడేవి, కాసేపటికి ఆకులమీద సన్నటి నల్లటి పొడి దిగేది. అత్త పాత చీరముక్క తడిపి, పసిపిల్ల ముఖం తుడిచినట్టు బొప్పాయి ఆకులు తుడిచేది. మా ఆయన ఉద్యోగం ఆసిఫాబాద్‌లో, వారానికోసారి వచ్చేవారు. మరిది మిలిటరీలో, ఎక్కడో మంచు కొండల్లో. అతని భార్య, మా యారాలు, మాతోనే ఉండేది. ఇంట్లో నలుగురం, అందులో ముగ్గురం ఆడవాళ్లం. మామ నోరు తెరిచేది అన్నం పెట్టమనడానికి, లేకపోతే టీవీ సప్పుడు తగ్గించమనడానికి.

ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు మరిది తన పచ్చ సంచిలోంచి తడిగుడ్డ మూట తీశాడు. విప్పి చూస్తే వంకరటింకర గడ్డలు. అల్లం అనుకున్నాం, వాసన లేదు. వాళ్లు ఉన్న ఊళ్లో ఒక ముసలమ్మ రోజూ వండి పెట్టేదట. "అవ్వా, ఇది నిలువెత్తు పెరుగుతది, పొద్దుతిరుగుడు లెక్క పూస్తది, కింద గడ్డ ఊర్తది. బాపుకు షుగరున్నది గదా, ఆలుగడ్డ తినద్దన్నరు గదా, ఇది తినొచ్చంటరు," అన్నాడు తల్లితో. పేరేంట్రా అని అడిగితే బుర్ర గోక్కున్నాడు. కొండవాళ్లు ఏదో చెప్పారు గానీ తన నోరు తిరగలేదన్నాడు. దాంతో అత్త పేరు పెట్టేసింది, మిలిటరీ గడ్డ అని. ఆ క్వార్టర్ల లైన్లో అందరూ అట్లాగే అన్నారు. దానికి ఇంగ్లీషులో జెరూసలేం ఆర్టిచోక్ అని పేరుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది; అది జెరూసలేందీ కాదు, ఆర్టిచోక్ అనే కూరగాయా కాదని ఇంకా తర్వాత తెలిసింది. మా మిలిటరీ గడ్డే నయం, కనీసం తెచ్చినవాడెవరో చెబుతుంది.

తొలకరికి అత్త వాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో మొలకకన్ను ఉండేటట్టు చూసి, గోడ పక్కన పాతింది. అవి పెరిగిన తీరు చూసి మాకే భయమేసింది. వానలు తగ్గేసరికి గోడ దాటి, పక్క క్వార్టరులోకి తొంగిచూశాయి. బతుకమ్మ ముందర పసుపుపచ్చగా పూశాయి. కాలనీ ఆడవాళ్లు పువ్వులడిగితే అత్త ఇయ్యలేదు. పువ్వు తెంపితే గడ్డ ఊరదేమోనని ఆమె అనుమానం. చలి మొదలై ఆకులు నల్లబడి, కాడలు కట్టెల్లా ఎండిపోయాక ఒక మధ్యాహ్నం గడ్డపార పట్టుకుంది. మొదటి మొక్కను లేపగానే వేళ్లకు కోడిపిల్లల్లా వేలాడుతూ గడ్డలు. అత్త నవ్వడం నేను అంతకుముందు చూశాను గానీ, మట్టిలో కూర్చుని అట్లా నోరారా నవ్వడం అదే మొదలు. యారాలికి అప్పుడు అయిదో నెల. ఆమెకు ఏది చూసినా నోరూరేది. అత్త వద్దంటున్నా నల్లా కింద ఒకటి కడుక్కుని పచ్చిదే కొరికింది. "పచ్చి కొబ్బరి లెక్కున్నదక్కా," అని ఇంకోటి తీసుకుంది. చీకటి పడకముందే చింతపండు పులుసు పెట్టి అందరం తిన్నాం. ఆ గడ్డతో ఒక చిక్కుంది, కడుపులో గాలి నింపుతుంది. మామ భోజనం చేసి లేచి, మర్యాదగా ఇంటి వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. మేం ముగ్గురం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

తెల్లవారి యారాలికి కడుపు నొప్పి. మొదట ఎవరం పట్టించుకోలేదు, గాలి అనుకున్నాం. అత్త వాము కాచి తాగించింది. తాగింది తాగినట్టే కక్కేసింది. ఎండ ముదిరేసరికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి కుడిపక్కకు జరిగింది. కాళ్లు ముడుచుకుని, చాప అంచు గుప్పిట పట్టుకుని, మాట లేకుండా పడుకుంది. మాట్లాడకపోవడమే నన్ను భయపెట్టింది. ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడేది.

సంగతి తెలిసి ఎదురింటి ఆమె వచ్చింది. ఆమె పుట్టిల్లు ఆసిఫాబాద్ అవతల అడవి పక్క. గుమ్మంలోనే నిలబడి అంది: "వదినె, మా దిక్కు అడివి గడ్డలు తవ్వుకొస్తే పారే వాగుల నానబెట్టి, ఉడకబెట్టి, నీళ్లు వంపి, మళ్ల ఉడకబెట్టి తింటరు. లేకుంటే పాణమే తీస్తయి. మీరు ఊరు పేరు లేని గడ్డను పచ్చిది తినబెట్టిన్రు గదా, అదీ రెండు పాణాల మనిషికి!"

అత్త ముఖంలో రక్తం లేదు. బయటికి వెళ్లి, గంపలోంచి రెండు గడ్డలు తీసి కొంగున కట్టుకుంది. మామ ఆటో పిలుచుకొచ్చాడు.

కాలనీ ఆసుపత్రిలో డాక్టరమ్మ యారాలి పొట్టమీద చెయ్యి పెట్టగానే ఆ పిల్ల అరిచింది. ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగింది. అత్త కొంగుముడి విప్పి గడ్డలు బల్లమీద పెట్టింది.

"ఇదేం గడ్డ?"

"మిలిటరీ గడ్డ మేడం."

"అట్లా కాదమ్మా, అసలు పేరు."

తెచ్చినవాడికే తెలియదన్నాను. డాక్టరమ్మ ఒక గడ్డను వేళ్లతో తిప్పి చూసి, వాసన చూసి, తనకు తెలియదంది. ఇంకా ఎవరెవరు తిన్నారని అడిగింది. అందరం తిన్నాం. పచ్చిది? ఆమె ఒక్కతే. డాక్టరమ్మ ఆ మాట చీటీమీద రాసుకుంటుంటే పెన్ను సప్పుడు కూడా నాకు వినిపించింది. కరీంనగర్‌కు తీసుకుపొమ్మనీ, ఇక్కడ స్కానింగ్ లేదనీ, ఆలస్యం చెయ్యొద్దనీ చెప్పింది.

మరిదికి ఫోన్ చేస్తే కలవలేదు. గడ్డ ఫొటో తీసి, దీని పేరేంటో, పచ్చిది తింటే ఏమవుతుందో అక్కడివాళ్లనడిగి వెంటనే చెప్పమని వాట్సాప్ పంపాను. పక్కన ఒక్క టిక్కే పడింది. రెండోది పడుతుందేమోనని ఎన్నిసార్లు చూశానో.

అంబులెన్సు కోసం వరండాలో ఎదురుచూస్తుండగా కరకరమని చప్పుడయింది. తిరిగి చూస్తే అత్త గోడకు ఆనుకుని, డాక్టరమ్మ బల్లమీంచి తెచ్చుకున్న పచ్చి గడ్డను మట్టితో సహా నములుతోంది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "పిల్ల పచ్చిది తిన్నది. నేను ఉడకబెట్టింది తిన్న. దానికేమైతదో నాకూ గానీ. ఏం గాకుంటే గడ్డది తప్పుగాదని తెలుస్తది గదా," అంది. మామ ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. వద్దనలేదు. జేబులోంచి రుమాలు తీసి ఆమె పెదాలకంటిన మట్టి తుడిచాడు. పెళ్లయి అన్నేళ్లయినా మా ముందర ఆయన ఆమెను తాకడం నేనెన్నడూ చూడలేదు.

అంబులెన్సులో మామ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. వెనక మేం ముగ్గురం. గోదావరి వంతెన దాటాక అత్త నా ఫోన్ తీసుకుని ఎదురింటి ఆమెకు చేసింది. "గా చెట్లు మొదలంట పీకి పారెయ్యి. ఒక్కటి గూడ ఉండద్దు," అని పెట్టేసింది. నేను మధ్యమధ్య ఇద్దరి ముఖాలూ చూస్తున్నాను. అత్తకు కూడా కడుపులో ఏదైనా మొదలవుతుందా అని. మొదలైతే ఈ పిల్లకు జరిగింది విషమేనని. మొదలు కావాలనో వద్దనో నాకే తెలియలేదు. పెద్దపల్లి దాటాక వరికోతల కాలం కాబట్టి సగం రోడ్డుమీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, చుట్టూ రాళ్లు పేర్చి. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా బండి ఆగిపోయేది. ఒకచోట అసలే కదల్లేదు. సైరన్ విని ఒక రైతు, అతని భార్య పరుగెత్తుకొచ్చి, రాళ్లు పక్కకు తన్ని, "వడ్లమీదికెళ్లి పోనియ్యిండ్రి, ఏం గాదు పోనియ్యిండ్రి!" అని చేతులూపారు. చక్రాల కింద వడ్లు చిటపటలాడాయి. ఆ ఇద్దరి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. యారాలు కళ్లు తెరిచి, "అత్తమ్మా, లోపల కదుల్తలేదు," అంది. అత్త ఆమె పొట్టమీద చెయ్యి పెట్టి, ఇక తీయలేదు.

కరీంనగర్‌లో స్కానింగ్ చేసిన డాక్టరు గడ్డ మాటే ఎత్తలేదు. అపెండిక్స్ వాచిందన్నాడు, చిట్లడానికి సిద్ధంగా ఉందన్నాడు. కోయక తప్పదు, కోస్తే కడుపులో బిడ్డకు ప్రమాదం, కోయకపోతే ఇద్దరికీ. సంతకం మామ పెట్టాడు. థియేటర్ తలుపు మూసుకున్నాక బెంచీ మీద మేం ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. ఎవరికీ ఆకలి లేదు, దాహం లేదు. అత్త మాత్రం కాసేపటికోసారి తన పొట్ట తానే నొక్కుకుని చూసుకునేది. "నాకేం గాలే," అనేది, ఎవరూ అడగకుండానే. ఆ మాటలో సంతోషం లేదు, అనుమానమే ఉంది.

తలుపు తెరిచి డాక్టరు తల్లి బాగుందన్నాడు. బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేనన్నాడు. తర్వాత వార్డులో నర్సు ఒక చిన్న యంత్రం తెచ్చి యారాలి పొట్టమీద ఆనించింది. గరగర. ఇంకోచోట పెట్టింది. మళ్లీ గరగర. నేను నర్సు ముఖమే చూస్తున్నాను. మూడోచోట పెట్టగానే, దూరంగా గుర్రం ఉరికినట్టు సప్పుడు. "ఇగో, మీ బిడ్డ గుండె," అంది నర్సు. అత్త మంచం అంచు పట్టుకుని ముందుకు వంగింది. ఏడుస్తుందనుకున్నాను. "జర మళ్ల వినిపియ్యి బిడ్డా," అని అడిగింది.

మర్నాడు మరిది ఫోన్ వచ్చింది. "వదినా, గవి విషం గావు, ఈడ పిలగాండ్లు పచ్చియే తింటరు. ఏమైంది? ఎందుకడిగినవ్?" అన్నాడు. నేను నెమ్మదిగా అంతా చెప్పి, ఫోన్ అత్తకిచ్చాను. "నువ్వు తెచ్చిన చెట్లు పీకిచ్చిన కొడకా," అంది. అవతల అతనేమన్నాడో తెలియదు. ఆమె మాత్రం కొంగుతో కళ్లొత్తుకుని, తిన్నావా, చలిగున్నదా అని అడగడం మొదలుపెట్టింది.

గడ్డకూ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా అత్త పూర్తిగా నమ్మలేదు. మన మనసు నొప్పించొద్దని అట్లా అంటున్నాడనేది. ఇంటికొచ్చి చూస్తే గోడ పక్కన పందులు తవ్వినట్టుంది. అత్త చెప్పిన పనిని ఎదురింటి ఆమె శ్రద్ధగా చేసింది. అత్త మట్టి చదును చేసి మెంతులు చల్లింది. ఆ పేరు మళ్లీ ఎవరం ఎత్తలేదు. ఎండాకాలం మొదట్లో యారాలు తన పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. నెలలు నిండాకే, బొద్దుగా.

కానీ ఆ గడ్డ సంగతి మాకప్పుడు తెలియదు. చిటికెనవేలంత ముక్క మట్టిలో మిగిలినా మళ్లీ లేస్తుంది. తొలకరికి గోడ పక్కన మొలకలు. ఎదురింటి ఆమె చూసి, పీకేస్తానని పరుగెత్తుకొచ్చింది. అత్త ఆ మొలకలకూ ఆమెకూ మధ్య నిలబడింది. "ఉండనియ్యి," అంది. అంతే. నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు, పీకనూ లేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. కాడలు ఎండాయి. ఎవరూ గడ్డపార ముట్టలేదు. ఒక మధ్యాహ్నం యారాలు పిల్లను అత్త ఒళ్లో పెట్టి, తానే వెళ్లి తవ్వింది. నల్లా కింద కడిగింది. అత్త చూసింది. "వద్దే," అని మొదలుపెట్టి, మాట పూర్తి చెయ్యలేదు. యారాలు గట్టుమీద కూర్చుని పచ్చిది కొరికి, నమిలి, మింగింది. ఇంకోటి నాకు ఇచ్చింది. నేనూ కొరికాను. మామ పేపరు దించి చూస్తున్నాడు. పిల్ల తల్లి చేతిలోదాని కోసం చేతులు చాపుతోంటే, అత్త పిల్లను వెనక్కి లాగి గుండెలకు హత్తుకుంది. ఎండ గోడమీదికి పాకేదాకా ఎవరమూ అక్కడినుంచి లేవలేదు. అత్త కన్ను యారాలి ముఖంమీద నుంచి కదల్లేదు.

"నాకేం గాలే అత్తమ్మా," అంది యారాలు చివరికి. "కడుపుల గాలి తప్ప."

మామ పేపరు వెనక నుంచి ఒక వింత శబ్దం వచ్చింది. ఆయన నవ్వితే అట్లా ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది. అత్త నవ్వలేదు. పిల్లను నాకిచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని, గడ్డపార అందుకుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఏడాది కావస్తోందని మేమంతా అనుకున్నాం గానీ, మా అత్త మాత్రం ఆ రోజే ఇంటికి చేరినట్టుంది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉన్నా కష్టకాలం అందరికీ ఒకే రోజున గడిచిపోదు.