రెండు చెవులూ ఒక కన్నూ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ నా ఎడమ కంటికి చూపు వచ్చిందనే నమ్మేవారు. నేనూ నమ్మాను. పుట్టుకతోనే ఆ కన్ను మసక. నా నాలుగో ఏట నుంచి వాడపల్లి దగ్గర ఒకాయన అమావాస్య అమావాస్యకు అందులో పసరు పోశాడు. కొన్నేళ్ళకు నా ముందు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. సరిగ్గానే చెప్పాను. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి మరి. మా నాయనమ్మ మేకపోతును కోయించి గరిడేపల్లిలో మా వాడకట్టంతటికీ భోజనం పెట్టింది.

మా మేనమామ ఒక్కడే నమ్మలేదు. ఆయన మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడు. ఆ మాట ఎత్తితే నాయనమ్మ అన్నం మానేసేది. అందుకని ఊరుకున్నాడు.

తెలంగాణ రాకముందు మాట, అప్పుడు నాకు పన్నెండేళ్ళు. సూర్యాపేటలో ఒక హాలుకు త్రీడీ సినిమా వచ్చింది. చుట్టూ కొత్త స్పీకర్లు బిగించారు. మామ అమ్మనూ నన్నూ తీసుకుపోయాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాం. మామ మాత్రం తెరను కాదు, నన్నే చూస్తున్నాడు.

ఉన్నట్టుండి ఒక పాము బుస కొడుతూ దూకింది. హాలంతా తలలు వంచింది. అమ్మ నా మీదికి ఒరిగింది. నేను కదల్లేదు. కానీ ఆ బుస నా చెవి పక్కగా వెనక్కి పోయినప్పుడు మాత్రం ఉలిక్కిపడి తిరిగి చూశాను. వాళ్ళకు పామూ బుసా ఒక్కచోటే ఉన్నాయి. నాకు పాము తెర మీద, బుస వీపు వెనక.

విరామంలో మామ అమ్మకు నెమ్మదిగా చెప్పాడు. చెవులు రెండూ బాగున్నాయి కాబట్టే చప్పుడు ఎటు పోయిందో పిల్లకు తెలిసిందట. తెర మీద కంటికొకటి చొప్పున రెండు బొమ్మలుంటాయట, రెండూ కలిస్తేనే పాము ముందుకొస్తుందట. వేళ్ళు సక్కగనే చెప్పింది గదా అని అమ్మ వాదించింది.

"అక్కా, సినిమా సురువైనంక ఒక కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని సూడు," అన్నాడు మామ.

అమ్మ చూసింది. తర్వాత నా వైపు వంగింది.

"గిట్లనే కనవడ్తదా బిడ్డా నీకు?"

ఎట్లా కనబడాలో తెలిస్తే కదా నేను చెప్పడానికి. "సినిమా గిట్లనే ఉంటది గదనే అమ్మా," అన్నాను. ఆట ముగిసేదాకా అమ్మ ఆ చెయ్యి తీయలేదు.

మర్నాడు మిర్యాలగూడలో కళ్ళ డాక్టరమ్మ నా మంచి కంటికి అట్ట అడ్డం పెట్టి చదవమంది. అన్నిటికంటే పెద్ద అక్షరమూ కనబడలేదు. నాలుగైదేళ్ళ వయసులో తెచ్చి ఉంటే మంచి కన్ను కట్టేసి దీనికి పని నేర్పేవాళ్ళమనీ, ఇప్పుడు చేయగలిగింది పెద్దగా లేదనీ చెప్పింది. అమ్మ ఆమె చేతులు పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు, మాటా మార్చలేదు. తన మాటే నిజమైనా మామ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "నేనన్నా ముందుగాల గట్టిగ అనాల్సుండె," అన్నాడు.

ఈనాటికీ ఫలానా మహిమతో చూపు వచ్చిందని ఎవరైనా అంటే, మంచి కన్ను మూసి అడిగారా అంటాను. పెద్దలు నొచ్చుకుంటారు. భోజనాల దగ్గర ఈ గొడవ ఎందుకంటారు. నొచ్చుకోనీ. మా ఇంట్లో ఎవరినీ నొప్పించకుండా గడిచిన ఆ ఏళ్ళలోనే నా కన్ను పోయింది.