రైలత్త ఆదివారాలు

మా మేనత్తను వీధిలో అందరూ రైలత్త అంటారు. ఆవిడ రైల్వేలో ఏనాడూ పని చేయలేదు. వీధి చివరి మిల్లులో మరమగ్గాలు నడిపింది. ఆ మగ్గాల మధ్యే జుట్టు నెరిసింది. ఆదివారం వస్తే మాత్రం ఉతికిన బట్టలు కట్టుకుని మధ్యాహ్నం బండికి పక్క నగరం వెళ్ళేది. అక్కడ స్టేషన్ ఎదురుగా ఉన్న పార్కులో సాయంత్రంపూట బ్యాండు వాయిస్తారు. టిక్కెట్టు లేదు. ఎవరైనా వెళ్ళి గడ్డి మీద కూర్చుని వినవచ్చు. మా ఊళ్ళో సంగీతమంటే మిల్లు కూత ఒక్కటే.

"వారమంతా చెవుల్లో దుమ్ము పడుతుందిరా. ఆదివారమైనా కడుక్కోవద్దూ?" అనేది.

మావయ్య పోయినప్పటినుంచీ అత్త మా ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో ఉంటోంది. అమ్మా నాన్నా కూడా మిల్లు మనుషులే. మగ్గాల శాలలో మాట వినపడదు. అక్కడివాళ్ళు గొంతు వాడరు, ముఖం వాడతారు. ఒక్కొక్క మాటనీ పెదాలతో చెక్కినట్టు పలుకుతారు. రెండు వరసల అవతలినుంచి పెళ్ళి సంబంధాలు మాట్లాడుకోగలరు, మేస్త్రీ వెనకే నిలబడి అతని ఏడు తరాలనూ తిట్టగలరు. ఆ అలవాటు ఇళ్ళలోకీ వచ్చేస్తుంది. ఒకసారి మా ఇంటికి వచ్చిన చుట్టమొకాయన, భోజనాల దగ్గర ముగ్గురూ చప్పుడు లేకుండా పోట్లాడుకోవడం చూసి బెదిరిపోయి, పెరుగు వడ్డించకముందే చెయ్యి కడుక్కున్నాడు.

అత్తకు పొగరని నాన్న నమ్మకం. వెనకనుంచి పిలిస్తే పలకదు.

"అక్కా! నిన్నే! మహారాణిగారికి మా పిలుపు చెవికి ఆనదు కదా!"

ఎవరో ఒకరు సైగ చేస్తే అత్త నింపాదిగా తిరిగేది. "ఎదురుగా వచ్చి ఏడవరా. వీపుకి చెవులుంటాయా?"

నాన్న గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

నేను ఆవిడకు తోడుగా వెళ్ళడం మొదలైంది కూడా నాన్న మూలంగానే. ఒక ఆదివారం స్టేషన్‌లో సామాన్లు మోసే మనిషి మా గుమ్మంలోకి వచ్చి, గూడ్సు బండి కూత మీద కూత వేస్తున్నా మీ అక్కగారు తలెత్తకుండా పట్టాలు దాటారని చెప్పిపోయాడు. నాన్న ముఖం పాలిపోయింది. ఆ భయం కోపంగా బయటికొచ్చింది.

"పరధ్యానమో పొగరో నాకనవసరం. ఇంకోసారి ఇలాంటిది విన్నానంటే నీ ఆదివారాలు బంద్. కావాలంటే వీణ్ణి తీసుకెళ్ళు. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాడుగా."

ఆ వీడు నేనే. చదువు మధ్యలో మానేసి, పాత పుస్తకాల కొట్లో దొరికిందల్లా చదివి, ఎక్కడ పనికి కుదిరినా నెల తిరక్కుండా యజమానితో తగాదా పడి వచ్చేసేవాణ్ణి. ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో మోసం ఉంటుందని నాకు గట్టి అనుమానం. రైల్లో కిటికీ పక్కన కూర్చున్న అత్తతో అదే అన్నాను.

"రేపు పొద్దున మళ్ళీ కిక్కురుమనకుండా పనిలోకి రావాలనే అత్తా, మనకి పాటలు వినిపించేది."

ఆవిడ నా నోటివంక చూసి నవ్వింది. "వినిపించకపోయినా వస్తాం కదరా వెర్రివాడా. వినిపిస్తే వచ్చిన నష్టమేంటి?"

నేను చంకలో పుస్తకం తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

పార్కు మధ్యలో పాత చెక్క వేదిక ఉండేది. అత్త జనంలోంచి దారి చేసుకుంటూ పోయి, వేదిక అంచును ఆనుకుని కూర్చుని, అరచెయ్యి పలక మీద పెట్టేది. మోకాళ్ళ నొప్పులకు ఆసరా అనుకున్నాను. క్లారినెట్ వాయించే లావుపాటి ముసలాయనంటే ఆవిడకు ప్రాణం. ఆ వాయిద్యం పేరు నేను ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకు అది నల్ల గొట్టమే, ఆయన పొట్టాయనే. ఒకసారి పొట్టాయన గొట్టం పాడై కోడిపిల్ల కీచుమన్నట్టు మోగితే పార్కంతా గొల్లుమంది. అత్త ఒక్కతే కళ్ళు మూసుకుని చిరునవ్వుతో తల ఊపుతూ ఉంది. ఎంత మంచి మనసు, ముసలాయన పరువు కాపాడుతోంది అనుకున్నాను.

వానాకాలంలో కచేరీలు ఆపేశారు. వానలు తగ్గాక వెళ్ళేసరికి చెక్క వేదిక లేదు. పుచ్చిపోయిందని పీకేసి, దాని చోట సిమెంటుతో ఎత్తయిన అరుగు కట్టారు. అరుగు ముందు కుర్చీలు, కుర్చీల్లో పిలుపు అందుకున్న పెద్దమనుషులు, వాళ్ళ వెనక అడ్డంగా తాడు. ఊరికే వినడానికి వచ్చినవాళ్ళు తాడు ఇవతల నిలబడాలి. నాకు ఒళ్ళు మండింది. "చూశావా, నేను చెప్పలేదూ?" అందామని అత్తవైపు తిరిగాను.

ఆవిడ నన్ను చూడటం లేదు. ముందు నిలబడ్డ పొడుగాటి మనుషుల వీపులు చూస్తోంది. చెయ్యి చాచి తాడు కట్టిన ఇనుప కమ్మీని పట్టుకుంది. వదిలేసింది. పక్కనున్న చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత కూర్చుని గడ్డి మీద పెట్టింది. పోగొట్టుకున్న వస్తువు కోసం నేల తడుముతున్నట్టుంది.

అప్పటికే బ్యాండు మొదలైపోయింది. పొట్టాయన ఆ సాయంత్రం ఎన్నడూ లేనంత బాగా వాయిస్తున్నాడు. చుట్టూ జనం కదలకుండా వింటున్నారు.

అత్త తలెత్తి నన్ను చూసింది.

"ఇంకా మొదలెట్టలేదేంట్రా? పొట్టాయన రాలేదా?"

వేళాకోళం అనుకుని నవ్వబోయాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. నా పెదాలు కదలడం కోసం చూస్తోంది. వీపుకి చెవులుంటాయా అని నాన్నను కసరడం, కూత మీద కూత వేసిన గూడ్సు బండి, వేదిక పలక మీద అరచెయ్యి, అన్నీ ఒక్కసారిగా గుండెల మీదికి వచ్చిపడ్డాయి. దూది వడికి బట్ట నేసే మిల్లు, చెవుల్లో పెట్టుకోవడానికి ఆ మనిషికి రవ్వంత దూది ఇవ్వలేకపోయింది.

"ఇంకా లేదత్తా," అన్నాను, మిల్లు మనుషుల్లా పెదాలు విడదీసి.

"సరే. ఆగుదాం."

పక్కన కూర్చున్నాను. పాట నా చెవుల్లో పడుతూనే ఉంది. ఆపడం నా చేతిలో లేదు. కాసేపటికి అది ముగిసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

అత్త ఆ చేతులన్నిటినీ చూసింది. తర్వాత నన్ను చూసింది. తనూ రెండు చేతులు ఎత్తి చప్పట్లు కొట్టింది, అందరూ ఆపేశాక కూడా ఇంకాస్సేపు.

తిరుగు బండిలో నేనే అడిగాను. "ఎప్పట్నించి?"

"నీకింకా మీసం రాలేదప్పటికి. ముందు గొట్టం పోయింది. తర్వాత డప్పు. చెక్క మీద చెయ్యి పెడితే మిగతాది నాకు గుర్తే కదా, లోపల నేనే పాడుకునేదాన్ని."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ నాన్న నన్ను రైలెక్కనిస్తాడా?" కిటికీ వైపు తిరగబోయి, మళ్ళీ నా ముఖం చూసింది. "చెప్తావా?"

తల అడ్డంగా ఊపాను. దానికి పెదాలు అక్కర్లేదు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "ఏంట్రా, మీ పొట్టాయన ఎలా వాయించాడు?"

అత్త మా ఇద్దరి ముఖాలూ కనిపించేలా నిలబడి నా జవాబు కోసం చూస్తోంది.

"బాగా," అన్నాను.

"బాగా అంటే?"

"కొత్త వేదిక కట్టారు నాన్నా. చాలా దూరం వినిపిస్తోంది."

పై ఆదివారం మధ్యాహ్నం అత్త మామూలుగానే తయారైంది. ఇంక వెళ్ళదేమో అనుకున్న నేను వెంట నడిచాను. పట్టాలు దాటేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను; విదిలించుకోలేదు. నగరంలో దిగాం. స్టేషన్ బయటికి మాత్రం రాలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది. గోడ అవతల పార్కు. సాయంత్రమయ్యాక క్లారినెట్ గోడ దాటి మా మీదికి వచ్చింది. అత్త చెప్పులు విడిచి, వచ్చేపోయే బళ్ళకు అదిరే నేల మీద పాదాలు ఆనించి కూర్చుంది.

తిరుగు బండి వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, కిటికీ చట్రం మీద అరచెయ్యి పెట్టుకుంది. ఇంజను లాగింది. పెట్టె అదిరింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఇదిగో," అంది, "మొదలెట్టాడు."

కళ్ళు తెరిస్తే నా పెదాల మీదికి ఏ మాట వస్తోందో ఆవిడకు కనిపించకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాను.